అన్సారీ నగర్‌కు పేరిచ్చిన సర్జన్

ఢిల్లీ ఎయిమ్స్‌కు వెళ్లొచ్చిన వాళ్లు మన తెలుగు రాష్ట్రాల్లోనూ తక్కువేం కాదు. ఆ ఆస్పత్రి చిరునామా ఒకసారి గుర్తు చేసుకోండి. అన్సారీ నగర్, న్యూఢిల్లీ-110029. అదే ఢిల్లీలో పుస్తకాల కంపెనీలు బారులు తీరి ఉండే దర్యాగంజ్ వీధి పేరు అన్సారీ రోడ్డు. జామియా మిల్లియాలో పెద్ద సభ ఏది జరిగినా అన్సారీ ఆడిటోరియంలోనే. మూడు చోట్లా ఉన్న ఆ అన్సారీ ఒక్కరే: డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ. చిరునామాగా అందరికీ తెలిసిన మనిషి, మనిషిగా మాత్రం కొద్దిమందికే తెలుసు. ఆయన చదువు దారి మన హైదరాబాద్ మీదుగానే లండన్ వెళ్లిందన్నది అంతకన్నా తక్కువ మందికి తెలుసు.

1880 డిసెంబర్ 25న నేటి ఉత్తరప్రదేశ్‌లోని ఘాజీపూర్ జిల్లా యూసుఫ్‌పూర్‌లో పుట్టారు. పేరున్న కుటుంబం. ఇంట్లో హకీమీ వైద్యం ఉంది. అన్నల్లో ఒకరైన అబ్దుల్ వహాబ్ అన్సారీకి చూపు లేదు. అయినా నాడి పట్టి రోగం చెప్పే హకీముగా దేశమంతా పేరు తెచ్చుకున్నారు. జనం ఆయన్ని హకీమ్ నాబీనా అనేవారు, అంటే చూపులేని హకీము. కవి ఇక్బాల్ కూడా ఆయన మందు వాడినవారే. తమ్ముడు మాత్రం కత్తి పట్టే వైద్యం వైపు వెళ్లాడు.

ఘాజీపూర్‌లో స్కూలు చదువయ్యాక ముఖ్తార్ హైదరాబాద్ వచ్చి నిజాం కాలేజీలో చేరారు. ఆ కాలంలో నిజాం కాలేజీ మద్రాసు యూనివర్సిటీ కింద ఉండేది. డిగ్రీ అయ్యాక నిజాం ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద వైద్యం చదవడానికి ఎడిన్‌బరో వెళ్లారు. అప్పట్లో బ్రిటిష్ సామ్రాజ్యంలో సర్జరీకి ఎడిన్‌బరో అంటే అంతే మరి. క్లోరోఫారంతో నొప్పి లేకుండా చేయడాన్ని జనంలోకి తెచ్చిన సింప్సన్, గాయం కుళ్లకుండా క్రిములను చంపే మందు వాడడం నేర్పిన లిస్టర్, ఇద్దరూ పాఠాలు చెప్పిన ఊరు అది. 1905 నాటికి అన్సారీ చేతికి వైద్యంలోనూ, సర్జరీలోనూ పై పట్టాలు వచ్చాయి.

అక్కడి నుంచి లండన్. చేరింగ్ క్రాస్ ఆస్పత్రిలోనూ, లాక్ హాస్పిటల్‌లోనూ పనిచేశారు. లాక్ హాస్పిటల్ అంటే సుఖవ్యాధుల ఆస్పత్రి. నలుగురిలో పేరు చెప్పుకోలేని రోగాలతో వచ్చేవాళ్లు అక్కడికి వచ్చేవాళ్లు. పెన్సిలిన్ ఇంకా పుట్టలేదు. సిఫిలిస్‌కు పాదరసం పూసే కాలం. సిగ్గుతో తల దించుకుని కూర్చున్న రోగితో ఎలా మాట్లాడాలో అన్సారీ అక్కడే నేర్చుకుని ఉంటారని నా ఊహ. ఎందుకంటే ఆయన జీవితంలో చివరి పెద్ద పరిశోధన కూడా అలాంటి చెప్పుకోలేని విషయం మీదే సాగింది. ఆ సంగతికి తర్వాత వద్దాం.

1905లోనే మోతీలాల్ నెహ్రూ తన కొడుకును హారో స్కూల్లో చేర్పించడానికి కుటుంబంతో లండన్ వెళ్లారు. అక్కడ వాళ్లకు పరిచయమైన తొలి మనుషుల్లో ఈ కుర్ర హౌస్ సర్జన్ ఒకరు. జవహర్‌లాల్‌కు అప్పుడు పదిహేనేళ్లు. ఆ పరిచయం ఆ తర్వాత ముప్పై ఏళ్లు నిలిచింది.

లండన్ రోజుల గురించి ఉర్దూ వాళ్లు తరచూ చెప్పుకునే ముచ్చట ఒకటుంది. ఢిల్లీ నుంచి వచ్చిన హకీమ్ అజ్మల్ ఖాన్‌ను అన్సారీ తన ఆస్పత్రికి తీసుకెళ్లి సీనియర్ సర్జన్ స్టాన్లీ బాయిడ్‌కు పరిచయం చేశారట. ఒక రోగిని చూసి బాయిడ్ పిత్తాశయం జబ్బన్నాడట. హకీమ్ గారు నాడి చూసి, చిన్న పేగు మొదట్లో పుండు ఉందన్నారట. కడుపు కోసి చూస్తే హకీమ్ మాటే నిజమైందట. ముచ్చటలో ఎంత ఉప్పూకారం కలిసిందో గానీ, ఆ ఇద్దరి దోస్తీ మాత్రం పచ్చి నిజం. యూనానీ పెద్ద, ఇంగ్లిష్ సర్జన్, ఒకరి వైద్యాన్ని ఒకరు తీసిపారేయకుండా ఢిల్లీలో అన్నదమ్ముల్లా మెలిగారు.

1910లో అన్సారీ దేశానికి తిరిగి వచ్చారు. నిజాం డబ్బుతో చదివినవారు హైదరాబాద్‌లోనే స్థిరపడతారని ఎవరైనా అనుకుంటారు. ఆయన ఢిల్లీని ఎంచుకున్నారు. ఆ మరుసటి ఏడే రాజధాని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుతుందని ప్రకటన వచ్చింది. నవాబులు, రాజులు, పెద్ద అధికారులు, వ్యాపారులు ఆయన క్లినిక్‌కు వచ్చేవారు. ప్రాక్టీసు బాగా సాగింది, డబ్బు బాగా వచ్చింది. ఆ డబ్బు ఎటు పోయిందన్నదే అసలు కథ.

1912 అక్టోబర్‌లో బాల్కన్ యుద్ధం మొదలైంది. బల్గేరియా, సెర్బియా, గ్రీస్, మాంటెనీగ్రో కలిసి తుర్కీ మీద పడ్డాయి. కొన్ని వారాల్లోనే ఉస్మానీ సైన్యం కాన్‌స్టాంటినోపుల్ గడప దాకా వెనక్కి వచ్చేసింది. ఆ పక్కనే చతల్జా దగ్గర సైనికులకు కలరా సోకింది. తుపాకీ గుండు తప్పించుకున్నవాళ్లు వాంతులు, విరేచనాలతో పోయారు. ఈ కబుర్లు ఇక్కడి ముస్లిం ఇళ్లల్లో గుండెలు పిండేశాయి. మౌలానా మొహమ్మద్ అలీ తన కామ్రేడ్ పత్రికలో చందాలకు పిలుపునిచ్చారు. అలీగఢ్ విద్యార్థులు మాంసం మానేసి ఆ మిగిలిన డబ్బు పంపారు. మందులు పంపడం సరే, డాక్టర్లను పంపితే? ఆ బృందానికి నాయకత్వం వహించడానికి అన్సారీ ఒప్పుకున్నారు. బాగా నడుస్తున్న ప్రాక్టీసుకు తాళం వేసి బయల్దేరారు. వయసు 32 నిండబోతోంది.

1912 డిసెంబర్ నడిమిలో బొంబాయిలో ఓడ ఎక్కిన వైద్య బృందంలో పాతిక మంది దాకా ఉన్నారు. అందులో డాక్టర్లు కొందరే. మిగతా వాళ్లు కట్లు కట్టడానికి, స్ట్రెచర్లు మోయడానికి వచ్చిన కాలేజీ కుర్రాళ్లు. చౌధరీ ఖలీఖుజ్జమాన్, షుయబ్ ఖురేషీ, అబ్దుర్ రహమాన్ సిద్దీఖీ వాళ్లలో వాళ్లే. పెషావర్ నుంచి వచ్చిన మరో అబ్దుర్ రహమాన్ అయితే తన సామాను అమ్ముకుని దారి ఖర్చులు పోగేసుకున్నాడు.

తుర్కీ చేరి ఆస్పత్రి పెట్టారు, మొదట కాన్‌స్టాంటినోపుల్ వైపు, తర్వాత చనక్కలేలో. అప్పటి యుద్ధ గాయం ఎలా ఉండేదో ఇప్పుడు ఊహించడం కష్టం. గుండు ఒంట్లోకి పోయేటప్పుడు బురద, బట్ట పేలికలు కూడా లోపలికి లాక్కుపోతుంది. యాంటీబయాటిక్ లేదు. రక్తం ఎక్కించడం ఇంకా మామూలు పని కాలేదు. పుండు కోసి, కుళ్లిన కండ తీసేసి, మందునీళ్లతో కడిగి, నెత్తురు కట్టించి, కుదరకపోతే కాలో చెయ్యో తీసేయడం. సర్జన్ చేతివేగం, ఓపిక, శుభ్రత, ఇవే మందులు. వేసవి దాకా ఆ పని నడిచింది. అన్సారీ అక్కడి సంగతులు ఉత్తరాలుగా రాస్తే కామ్రేడ్‌లో అచ్చయ్యేవి. ఇళ్లు వదిలి పారిపోయి వచ్చిన శరణార్థులకు చోటు చూపించే ఆలోచనలు కూడా ఆ బృందం చేసింది.

1913 జూలైలో తిరిగొచ్చారు. పెషావర్ కుర్రాడు రాలేదు. అక్కడే ఉండిపోయి పత్రికల్లో, సైన్యంలో పనిచేసి, తర్వాత అఫ్ఘానిస్తాన్‌లో తుర్కీ ప్రతినిధి దాకా ఎదిగి, 1925లో ఇస్తాంబుల్‌లో హత్యకు గురయ్యాడు. అన్సారీ విషయానికొస్తే, వెళ్లింది ఒక ఢిల్లీ డాక్టర్, తిరిగొచ్చింది ఒక దేశ నాయకుడు. ఆయన కోరుకున్న ఉద్యోగం కాదది.

రాజకీయాలు టూకీగా చెప్పేస్తాను, అవి పుస్తకాల్లో దొరుకుతాయి. 1918లో ఢిల్లీ ముస్లిం లీగ్ సభకు ఆహ్వాన సంఘం అధ్యక్షుడిగా ఆయన చేసిన ప్రసంగాన్ని ప్రభుత్వం నిషేధించింది. 1920 జనవరిలో ఖిలాఫత్ ప్రతినిధి వర్గాన్ని వైస్రాయ్ దగ్గరకు నడిపించారు. అదే ఏడు నాగపూర్ లీగ్ సభకు అధ్యక్షుడు. 1927 డిసెంబర్‌లో మద్రాసు కాంగ్రెస్‌కు అధ్యక్షుడు. సైమన్ కమిషన్ బహిష్కరణకు, సంపూర్ణ స్వాతంత్ర్యమే లక్ష్యమన్న తీర్మానానికి ఆమోదం పడింది ఆ సభలోనే. ఏ ఖిలాఫత్ కోసం ఇంత తిరిగారో దాన్ని 1924 మార్చిలో తుర్కీ వాళ్లే రద్దు చేసుకున్నారు. దాంతో ఇక్కడ చాలామంది కుంగిపోయారు. అన్సారీ మాత్రం తుర్కీ మీద అలగలేదు. 1935లో తుర్కీ రచయిత్రి హలీదె ఎదీబ్ జామియాలో ఉపన్యాసాలకు వచ్చినప్పుడు ఆమె బస ఆయన ఇంట్లోనే.

ఆ ఇల్లు దర్యాగంజ్‌లో ఉండేది. పేరు దారుస్సలాం, శాంతి నిలయం. అది ఇల్లా, కాంగ్రెస్ ఆఫీసా, ధర్మసత్రమా చెప్పడం కష్టం. 1930 ఆగస్టులో కాంగ్రెస్ వర్కింగ్ కమిటీని పోలీసులు పట్టుకెళ్లింది అక్కడి నుంచే. ఇంటి యజమాని కూడా వాళ్లతో పాటే పంజాబ్‌లోని గుజరాత్ అనే ఊరి జైలుకు పోయారు. బాద్షా ఖాన్ అప్పటికి అక్కడే ఉన్నారు. మరుసటి ఏడు ఇర్విన్‌తో ఒప్పందం మాటలు నడిచిన రోజుల్లో గాంధీ ఉన్నదీ ఆ ఇంట్లోనే. అన్సారీ పెంపుడు కూతురు జోహ్రాకు గాంధీ ఉర్దూలో ఉత్తరాలు రాసేవారు.

నాయకులంతా ఆయన రోగులే కూడా. 1924లో హిందూ ముస్లిం ఐక్యత కోసం గాంధీ ఢిల్లీలో 21 రోజుల ఉపవాసం చేస్తే పక్కన ఉండి చూసుకున్న డాక్టర్లలో అన్సారీ ఒకరు. 1931 ఫిబ్రవరిలో మోతీలాల్ ఆఖరి రోజుల్లో మంచం దగ్గర బిధాన్ చంద్ర రాయ్, జీవరాజ్ మెహతాలతో పాటు ఆయనా ఉన్నారు. 1933 మేలో పుణెలో గాంధీ మళ్లీ 21 రోజులు ఉపవాసం ఉంటే మళ్లీ అన్సారీయే. వద్దని చెప్పినా వినని రోగి. అలాంటి రోగిని ప్రాణాలతో ఉంచడం ఏ ఆపరేషన్‌కూ తక్కువ పని కాదు.

వైద్యుల సంఘం సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ఆ కాలంలో పెద్ద ఆస్పత్రుల్లో, మెడికల్ కాలేజీల్లో పై పదవులు ఇండియన్ మెడికల్ సర్వీస్ వాళ్లవి. వాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు, సైనిక హోదాలవాళ్లు. మన డాక్టర్ ఎంత చదివినా బయట ప్రైవేటుగా ప్రాక్టీసు పెట్టుకోవాల్సిందే. ఉన్న పెద్ద సంఘం బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్, దాని కొమ్మలే ఇక్కడ. 1928 డిసెంబర్‌లో కలకత్తాలో జరిగిన అఖిల భారత వైద్య మహాసభలో మన డాక్టర్లు సొంత సంఘం పెట్టుకున్నారు. ఇప్పటి ఇండియన్ మెడికల్ అసోసియేషన్ అదే. తన తొలి పెద్దల పేర్లు చెప్పేటప్పుడు ఐఎంఏ నీల్‌రతన్ సర్కార్, బి.సి. రాయ్‌ల పక్కన అన్సారీ పేరు చెబుతుంది. ఆ వరుసలోనే మేజర్ ఎం.జి. నాయుడు పేరు కూడా వస్తుంది. ఆయన మన హైదరాబాద్ డాక్టర్ గోవిందరాజులు నాయుడు, సరోజినీ నాయుడు భర్త. కాంగ్రెస్, వైద్య సంఘం అప్పట్లో దాదాపు ఒకే ఇంటి రెండు గదులు. అదే డిసెంబర్‌లో అదే కలకత్తాలో కాంగ్రెస్ మహాసభ కూడా జరిగింది మరి. 1930లో లండన్‌లోని జనరల్ మెడికల్ కౌన్సిల్ ఇండియా డిగ్రీలకు గుర్తింపు తీసేసినప్పుడు సొంత సంఘం ఎంత అవసరమో అందరికీ తెలిసొచ్చింది. 1933లో మెడికల్ కౌన్సిల్ చట్టం వచ్చింది. 1934లో చట్టసభలకు పోటీ చేయాలన్న పట్టుదలతో కాంగ్రెస్‌ను ఒప్పించినవాళ్లలో ముందున్నదీ ఇద్దరు డాక్టర్లే, అన్సారీ, రాయ్.

ఇంత చేసిన మనిషికి దక్కిందేమిటి? 1931లో రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి అన్సారీని కూడా పిలవాలని గాంధీ గట్టిగా అడిగారు. ముస్లింలకు వేరే నియోజకవర్గాలు అక్కర్లేదు, అందరూ కలిసే ఓటు వేయాలన్నది అన్సారీ వైఖరి. అది అక్కడి ముస్లిం ప్రతినిధులకు గిట్టలేదు. వాళ్లు వద్దన్నారు, ప్రభుత్వం పిలవలేదు. తుర్కీ సైనికుల గాయాలు కడిగి, ఖిలాఫత్ కోసం వైస్రాయ్ ముందు నిలబడి, లీగ్‌కే అధ్యక్షుడిగా ఉన్న మనిషి ముస్లింల తరఫున మాట్లాడడానికి పనికిరాడని తేల్చేశారు. మరోవైపు ముస్లింల భయాలను తేలిగ్గా తీసుకోవద్దని ఆయన కాంగ్రెస్‌లో చెబితే, అక్కడ ఆ మాట చెవికెక్కనివాళ్లూ ఉన్నారు. రెండు వైపులా తలుపు సగమే తెరుచుకుంది. ఆ రోజు ఆయన్ని లండన్ పంపి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. పంపకపోవడం మాత్రం పెద్ద తప్పని నా అభిప్రాయం.

ఇక ఆ చెప్పుకోలేని విషయం. 1920ల్లో ఐరోపా అంతా ఒక వెర్రి నడిచింది. వియన్నాలో స్టైనాక్, పారిస్‌లో వొరొనాఫ్, ముసలితనాన్ని వెనక్కి తిప్పొచ్చని చెబుతున్నారు. స్టైనాక్ వీర్యనాళాన్ని కట్టేయించేవాడు. వొరొనాఫ్ కోతి వృషణాల ముక్కలు మనిషికి అతికించేవాడు. ఫ్రాయిడ్ 1923లో, ఐరిష్ కవి యేట్స్ 1934లో స్టైనాక్ పద్ధతి ఆపరేషన్ చేయించుకున్నారంటే ఎంత నమ్మకం ఉండేదో చూడండి. అన్సారీ ఐరోపా వెళ్లి వాళ్లను కలిశారు, పద్ధతి నేర్చుకున్నారు, ఢిల్లీలో తన రోగులకు గ్రంథులు అతికించే ఆపరేషన్లు చేశారు. ఏళ్ల తరబడి చేసిన కేసుల వివరాలు రాసిపెట్టుకుని 1935లో రీజెనరేషన్ ఇన్ మ్యాన్ అనే పుస్తకం వేశారు. మనిషికి మళ్లీ జవసత్వాలు అన్న అర్థం.

ఆ వైద్యం నిలవలేదు. ఒక జీవి కండను మరో జీవి శరీరం పరాయిదిగా గుర్తించి చంపేస్తుందన్న సంగతి 1940ల్లో గానీ స్పష్టం కాలేదు. చిత్రం ఏమిటంటే, ఆయన పుస్తకం వచ్చిన 1935లోనే ఐరోపా శాస్త్రవేత్తలు టెస్టోస్టెరాన్‌ను విడదీసి, ప్రయోగశాలలో తయారు కూడా చేసేశారు. ఇక గ్రంథి అతికించాల్సిన పనే లేకుండా పోయింది. ఆయన మీద అభిమానంతో రాసేవాళ్లు ఈ అధ్యాయాన్ని దాటేస్తుంటారు. అవసరం లేదనిపిస్తుంది నాకు. జైళ్లు, సభలు, ఉపవాసాల మధ్య ఏళ్ల పాటు కేసు తర్వాత కేసు రాసుకుంటూ పోయిన సర్జన్ అందులో కనిపిస్తాడు. ఫలితం తప్పయింది, పని మాత్రం దొంగ పని కాదు.

చివరిగా జామియా. 1920లో అలీగఢ్‌లో పుట్టిన ఈ జాతీయ విద్యాలయం 1925లో ఢిల్లీ కరోల్‌బాగ్‌కు మారింది. దాన్ని మోస్తున్న హకీమ్ అజ్మల్ ఖాన్ 1927 డిసెంబర్ ఆఖర్లో కన్నుమూశారు. అప్పటికి అన్సారీ కాంగ్రెస్ సభ కోసం మద్రాసులో ఉన్నారు. స్నేహితుడు వదిలిన బరువు 1928లో అమీరే జామియాగా ఆయన భుజాన పడింది. ఖజానా ఖాళీ. జీతాలకే ఇబ్బంది. హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుస్సేన్, ఆయన తోటి అధ్యాపకులు నెలకు 150 రూపాయలకు మించి తీసుకోకుండా ఇరవై ఏళ్లు పనిచేస్తామని మాటిచ్చారు. లోపల వాళ్లు నెట్టుకొస్తే, బయట చందాల కోసం తలుపులు తట్టే పని అన్సారీది. పెద్దల ఇళ్లల్లో డాక్టర్ సాబ్‌కు ఉన్న మర్యాద అక్కడ పనికొచ్చింది.

1935 మార్చి 1న ఢిల్లీ బయట ఓఖ్లాలో జామియా కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు. రాయి వేయించింది మంత్రి చేతా, నవాబు చేతా కాదు, బడిలో అందరికన్నా చిన్న పిల్లాడి చేత. అన్సారీకి అప్పటికే గుండె జబ్బు. రాజకీయ పదవుల నుంచి తప్పుకుంటున్నారు. రోగుల్ని చూడడం మాత్రం మానలేదు.

1936 మే 10న ముస్సోరీ నుంచి ఢిల్లీకి తిరిగొస్తూ రైల్లోనే గుండెపోటుతో చనిపోయారు. వయసు 55. పక్కన ఆస్పత్రి లేదు, ఎవరూ చేయగలిగింది లేదు. దర్యాగంజ్ ఇంటికి రావాల్సిన మనిషిని ఓఖ్లా తీసుకెళ్లి జామియా నేలలో ఖననం చేశారు. ఆ పిల్లాడు పునాది రాయి వేసి అప్పటికి 14 నెలలు.